నాటకంలో లేని మాటలు

రుష్ది నాటకం ప్రతిని బల్లమీద ఇవతలికి తోశాడు.

"తీసుకో వజీహ్. ఒక్క ముక్క కూడా కొట్టెయ్యలేదు."

వజీహ్ సర్మీనీ నమ్మలేదు. అక్కడే నిలబడి మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. అలెప్పోలో నాటకాలు రాసేవాళ్లందరికీ సెన్సారు కమిటీ రుష్ది ఎర్రసిరా తెలుసు. ఆ సిరా కోసం వెతికాడు. ఎక్కడా ఒక గీత లేదు, ఒక ప్రశ్నార్థకం లేదు. వాళ్లు కొట్టేయడానికని కావాలనే అక్కడక్కడా ఘాటైన మాటలు ఇరికించి పెట్టాడు. వాటిని కొట్టేసిన తృప్తిలో మిగతావి వదిలేస్తారని అతని ఎత్తు. అవి కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"అసలు చదివారా?"

"కమిటీలో అందరం చదివాం. మా హెడ్డుగుమాస్తా అయితే ఏడ్చాడు తెలుసా? ఆ ముసలమ్మ మన్ను ముద్దు పెట్టుకునే చోట."

"ఆనకట్ట కట్టి ఊళ్లు ముంచారని రాశాను రుష్దీ. ఇంజనీరు అబద్ధాలు చెప్పాడని రాశాను."

"రాశావు. బాగా రాశావు." రుష్ది కుర్చీలో వెనక్కి వాలాడు. కాలేజీలో వజీహ్ రాసిన మొదటి నాటకంలో ఈటె పట్టుకుని నిలబడిన భటుడు ఇతనే. ఇప్పుడు ఆ ఈటె లేదు గాని నిలబడటం అదే. "గురువారం ఆనకట్ట పండగ. నీ నాటకంతోనే మొదలు. ఆనకట్ట డైరెక్టరు జనరల్ గారు ముందు వరసలో కూర్చుంటారు. బయటి దేశాల విలేకర్లు కూడా వస్తున్నారు. మనవాళ్లు ఎంత పెద్ద మనసుతో విమర్శ వింటారో వాళ్లకి తెలియద్దూ?"

వజీహ్ ప్రతిని చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఇన్నేళ్లలో ఆ మెట్లు చాలాసార్లు కోపంగా దిగాడు. ఇవాళ దేనిమీద కోపమో తేలక, కింద నిలబడి సిగరెట్టు తిరగేసి అంటించుకున్నాడు.

*

రిహార్సలు పాత సినిమాహాల్లో. కుర్చీలు సగం పీకేశారు. ఖౌలా నడుముకి గుడ్డలు చుట్టుకుని, మోకాళ్లు వంచి నడవడం సాధన చేస్తోంది. నలభై దాటని మనిషి, డెబ్భై ఏళ్ల ముసలమ్మ వేషం. పాదం ఎత్తి వెయ్యకుండా నేలమీద ఈడుస్తూ నడిస్తే నడుము దానంతటదే వంగుతుందని కనిపెట్టింది. ఆ నడక కోసం వారం రోజులు కూరగాయల బజారులో ముసలివాళ్ల వెనక తిరిగింది.

"ఆ మన్ను దగ్గర్నుంచి అందుకో" అన్నాడు వజీహ్.

ఆమె వంగి, లేని మన్నుని గుప్పిట్లోకి తీసుకుంది. "ఓ మృత్తికా! నా పూర్వుల శయ్యా! జలరాశి నిన్ను కబళించినను నా అధరములు నిన్ను విడువవు..." అని ఆగిపోయింది. "వజీహ్, ఇది నా నోట్లో తిరగడం లేదు."

"ఏది?"

"అధరములు. పళ్లు ఊడిపోయిన ముసల్ది, మేకలు కాసుకునే మనిషి, అధరములంటుందా?"

"ఆవిడ మేకలు కాసుకుంది కాబట్టే ఆ భాష ఇచ్చాను. రాజులకి మాత్రమేనా ఘనమైన భాష?"

ఇంజనీరు వేషం వేస్తున్న ఫవాజ్ టై ముడి సరిచేసుకుంటూ, "పోనీ పెదవులు అననీ ఉస్తాద్" అన్నాడు.

"కామా కూడా మారదు" అన్నాడు వజీహ్. "ప్రభుత్వం కొట్టెయ్యనిది మీరు కొట్టేస్తారా?"

ఖౌలా మళ్లీ వంగింది. మళ్లీ మన్ను తీసుకుంది. అధరములు అంది.

*

గురువారం హాలు కిటకిటలాడింది. తెర వెనక చీలికలోంచి వజీహ్ జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. అతనికి చూడాలని ఉన్నది నాటకం కాదు. ఇన్నేళ్లుగా అతను రాసిన ప్రతి నాటకమూ ఒకే కోరికతో రాశాడు: ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి, ఇదేమిటి, ఇలా ఎందుకు జరిగింది అని అరవాలి. ఎప్పుడూ ఎవరూ లేవలేదు. చప్పట్లకి తప్ప.

ఇంజనీరు అబద్ధాలు చెప్పినచోట డైరెక్టరు జనరల్ గట్టిగా నవ్వి పక్కాయన మోకాలి మీద కొట్టాడు. ఘాటైన మాటలు వచ్చినప్పుడు విలేకర్ల వైపు తిరిగి, విన్నారా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ముసలమ్మ మన్ను ముద్దు పెట్టుకున్నప్పుడు జేబురుమాలు తీశాడు. తెర పడ్డాక వేదిక ఎక్కి వజీహ్‌ని కావలించుకున్నాడు. అత్తరూ చెమటా కలిసిన వాసన.

"మనసు కడిగేశావయ్యా. వచ్చే నెల డమాస్కస్‌లో వేయిస్తాను. పూచీ నాది."

కెమెరాలు మెరిశాయి. వజీహ్ చెయ్యి ఆయన చేతిలో ఉండిపోయింది. లాక్కోవాలని ఉంది, కానీ లాక్కోలేదు. ఆ సంగతి అతన్ని తర్వాత చాలాసేపు తినేసింది.

ఖౌలా అద్దం ముందు కూర్చుని ముఖానికి నూనె రాసుకుని ముడతలు తుడుచుకుంటోంది. వజీహ్ తలుపు దగ్గరే నిలబడి, "మిఠాయి తిన్నట్టు తినేశారు" అన్నాడు. "కారం అనుకుని పెట్టాను. వేళ్లు నాక్కుని వెళ్లారు."

"మెచ్చుకున్నా ఏడుపేనా?"

"వాడు ఏడ్చాడు ఖౌలా! ఊళ్లు ముంచిన కాగితం మీద సంతకం పెట్టినవాడు నా నాటకం చూసి ఏడ్చాడు. ఏడ్చి, తేలికపడి, ఇంటికెళ్లి కబాబు తింటాడు."

ఖౌలా గుడ్డ కింద పెట్టి అద్దంలోంచే అతన్ని చూసింది. "నాకొకటి చెప్పు. నీకు కావలసింది నాటకం ఆడటమా, ఆపించుకోవడమా?"

అతను తలుపు దగ్గరగా వేసి, "రేపు శుక్రవారం. ఎవరికీ పనులుండవు. ఆ ఎత్తుమీది కాలనీకి తీసుకెళదాం" అన్నాడు. "మునిగిన ఊళ్లవాళ్లకి. వాళ్లది వాళ్లే చూడలేదు ఇంతవరకూ."

"అనుమతి?"

"ఆడచ్చు అని రాసిచ్చారు. ఎక్కడ అని రాయలేదు."

*

కాలనీకి పేరు లేదు. ఒకే అచ్చులో పోసినట్టు సిమెంటు గదులు, వరసలు వరసలుగా. కింద, చూపు ఆనినంత మేరా, ఫురాత్ నది సరస్సై పరుచుకుని ఎండకి తళతళలాడుతోంది. ఊళ్లన్నీ ఆ నీళ్ల అడుగున ఉన్నాయి. పైన, ఇనుప స్తంభాల మీదుగా కరెంటు తీగలు నగరం వైపు పోతున్నాయి. ఏ ఇంటికీ ఒక్క తీగ కూడా దిగలేదు.

లారీ పక్కచెక్కలు దించేస్తే అదే వేదిక. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక జనం వచ్చి నేలమీద కూర్చున్నారు. వజీహ్ లారీ డ్రైవరు సీటు మెట్టుమీద కూర్చున్నాడు, ప్రతి మోకాళ్ల మీద పెట్టుకుని.

మొదటి రంగం సగంలో ఉండగా దూరంగా హారన్ వినబడింది. అంతే, ముందు వరసలో ఆడవాళ్లు లేచారు. తర్వాత వెనకవాళ్లు. రెండు నిమిషాల్లో లారీ ముందు ముసలివాళ్లూ ఓ మేకా తప్ప ఎవరూ మిగల్లేదు.

"ఎక్కడికి? ఎక్కడికి పోతున్నారు వీళ్లు?" వజీహ్ లేచి నిలబడ్డాడు.

"నీళ్ల బండి ఉస్తాద్" అన్నాడొక ముసలాయన తాపీగా. "మళ్లీ సోమవారం దాకా రాదు. మీ ఆట ఆగుతుంది, అది ఆగదు."

"సరస్సు ఎదురుగా ఉందిగా!"

"చూడ్డానికి ఉంది."

ఫవాజ్ వేదిక మీద టైతో నిలబడి ఆకాశం చూశాడు. ఖౌలా ముసలమ్మ వేషంలోనే లారీ అంచున కూర్చుని కాళ్లు ఊపింది. వజీహ్ లోపల మసిలిపోతున్నాడు. నీళ్ల బండి మీద, జనం మీద, ఆ మేక మీద.

జనం తిరిగొచ్చారు. నింపిన డబ్బాలు తెచ్చుకుని, వాటి మూతలు బిగించి, వాటిమీదే కూర్చున్నారు. వజీహ్ సైగ చేశాడు. ఫవాజ్ మొదటి నుంచి అందుకున్నాడు. ఖౌలా పాదాలు ఈడుస్తూ వచ్చి, వంగి, మన్ను తీసుకుంది. "ఓ మృత్తికా..."

"ఆగమ్మా, ఆగు."

రెండో వరసలో ఒకావిడ. తలకి నల్లగుడ్డ, గడ్డం మీద పాత పచ్చబొట్టు. ఊరంతా ఉమ్ ద్యాబ్ అని పిలుస్తారని తర్వాత తెలిసింది. డబ్బా మీంచి లేవకుండానే చెయ్యి ఎత్తింది.

"మన్ను ఎవతె ముద్దు పెట్టుకుంది?"

ఖౌలా గుప్పిట అలాగే గాల్లో ఉండిపోయింది.

"నేనక్కడే ఉన్నాను. ఎవరూ పెట్టుకోలేదు. తీరికేది? కోళ్లని పట్టుకోవద్దూ? ఇదిగో ఈ హమూద్ వాళ్లమ్మ కోడి కోసం చెట్టెక్కింది."

జనం గొల్లుమన్నారు. ఎవరో ఆడమనిషి, "దొరికిందిగా మరి!" అని అరిచింది.

"నేను తలుపు ఊడబీకుతున్నాను" అంది ఉమ్ ద్యాబ్. "మా ఆయన మల్బరీ కర్రతో చేశాడు. ముగ్గురం కలిసి లారీ ఎక్కించాం. ఆ లారీవాడు తలుపుతో సహా పోయాడు. ఇప్పటికీ దొరకలేదు. ఆ తలుపు గురించి చెప్పు నాయనా, మన్ను గురించెందుకు? మన్ను ఎక్కడైనా ఉంటుంది."

వజీహ్ చేత్తో ఖౌలాకి సైగ చేశాడు, కానివ్వమని. ఖౌలా చూసింది. చూసి, గుప్పిట విప్పేసింది.

ఉమ్ ద్యాబ్ ఈలోగా ఫవాజ్ వైపు తిరిగింది. "ఇదిగో, టై కట్టుకున్నవాడా. నువ్వు చెప్పు. కాలువ తవ్విస్తామన్నారు, ఏది?"

ఫవాజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అమ్మా, నేను నటుణ్ణి. నా పేరు ఫవాజ్."

"అప్పుడొచ్చినవాడూ ఇంతే. నేను ఉద్యోగిని, నాకేం తెలియదమ్మా అన్నాడు. మీలో తెలిసినవాడెవడు?"

ఈసారి నవ్వులో మగవాళ్ల గొంతులు కూడా కలిశాయి. ఆవిడ లేచి నిలబడింది. ఇక మొహంలో నవ్వు లేదు.

"దీపాలన్నారు. తీగలు మా నెత్తిమీంచే పోతాయి. వానొస్తే జుమ్మని మోగుతాయి, పిల్లలు జడుసుకుంటారు. అంతవరకే మాకు కరెంటు. ఇళ్లన్నారు. వచ్చి గోడ గోకి చూడు, ఇసుక. ఇంటింటికీ దేశాన్నేలే పెద్దాయన బొమ్మ ఇచ్చి తగిలించుకోమన్నారు. మేకు కొడితే గోడ రాలుతుంది. తగిలిస్తే పడతాడు. మళ్లీ తగిలిస్తాను, మళ్లీ పడతాడు. నా తప్పా? మీరు కట్టిన గోడే ఆయన్ని మొయ్యలేకపోతోంది."

గాలికి తీగలు సన్నగా మోగాయి. అప్పుడు వెనకెక్కడో ఒక ముసలాయన ఖళ్లుమని దగ్గినట్టు నవ్వాడు. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకొచ్చి అందరికీ అంటుకుంది. ఆ తర్వాత నాటకం లేదు. మా పొలం సంగతో అని ఒకడు, మా వాడి సమాధి నీళ్లలో ఉండిపోయింది అని ఒకామె, అందరూ లేచారు, అందరూ ఒకేసారి. అందరూ ఫవాజ్‌నే అడుగుతున్నారు. ఫవాజ్ టై ఊడదీసి జేబులో పెట్టుకుని, లారీ దిగి, వాళ్ల మధ్య కూర్చున్నాడు.

వజీహ్ మెట్టుమీద నిలబడ్డాడు. జనం లేచారు. ఇదేమిటని అరుస్తున్నారు. ఇన్నేళ్లూ అతను కోరుకున్నది ఇదే. కానీ ఆ క్షణంలో అతని నోటికొచ్చిన మాట ఒకటే: కూర్చోండి, ఇంకా అయిపోలేదు.

*

తిరుగుదారిలో అతను ఖౌలాతో గొడవపడ్డాడు. "ఎందుకు ఆపావు? నేను కానిమ్మన్నాను కదా!"

"ఏం కానివ్వను? ఆవిడ ముందు నేను ముసలమ్మనా?"

"నాలుగేళ్లు రాశాను ఆ నాటకం. సంతలో బేరం చేసేశారు."

"ఆ గోడ మాట విన్నావా?"

"విన్నాను."

"నీ మొత్తం నాటకంలో..." అని ఖౌలా ఆగిపోయింది. అతని మొహం చూసి కిటికీ వైపు తిరిగింది. అతను మిగతాది అడగలేదు. అడగకుండానే తెలుసు, అందుకే అంత మంట.

*

ఆదివారం పొద్దున్నే రుష్ది కబురు పంపాడు. ఖౌలా కూడా వచ్చి వీధిలోనే ఆగింది. ఈసారి రుష్ది కాఫీ తెప్పించలేదు. తలుపు తనే లేచి మూశాడు.

"కాలనీలో ఎవడో విని రాసి పంపాడు" అన్నాడు గొంతు తగ్గించి. "బొమ్మ పడటం. గోడ ఆయన్ని మొయ్యలేకపోవడం. ఈ మాటలు నాటకంలో లేవు. నేను మూడుసార్లు చూసుకున్నాను. లేవు కదా?"

"నువ్వు చదివినప్పుడు లేవు."

"అమ్మయ్య. అయితే నీకేం భయం లేదు. జనంలో ఒక ముసల్ది వాగింది, మాకు సంబంధం లేదు అను. పేరు చెప్పు. వాళ్లే వెళ్లి తీసుకొస్తారు. నాటకం డమాస్కస్ వెళుతుంది. డైరెక్టరు జనరల్ గారు ఇప్పటికీ మాటమీదే ఉన్నారు."

"తీసుకొచ్చి ఏం చేస్తారు?"

రుష్ది కిటికీలోంచి బయటికి చూశాడు. "నాకు తెలిసే విషయమా అది?"

నేను ఉద్యోగిని, నాకేం తెలియదు. వజీహ్‌కి ఉమ్ ద్యాబ్ గొంతు చెవిలో వినబడింది. నవ్వు రాలేదు. డమాస్కస్ హాలు, ఎర్ర మఖమలు తెర, గోడమీద తన పేరు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అవి వద్దని ఎన్నడూ అనుకోలేదు అతను. ఇప్పుడు కూడా అనుకోవడం లేదు.

"ముసలమ్మే అంది" అన్నాడు.

"అదేగా నేనంటున్నది. పేరు?"

"ముసలమ్మ నా పాత్ర. ఖౌలా వేసింది. ఆ రంగం నేను తర్వాత చేర్చాను. నీ కమిటీ చదివాక."

రుష్ది నోరు తెరుచుకుంది. "జనంలోంచి అందని రాశాడు వాడు."

"జనంలోకి దిగి చెప్పమన్నాను. అదొక పద్ధతి. నటుడు ప్రేక్షకుల మధ్యనుంచి మాట్లాడతాడు. నటి నేను రాసిచ్చింది చెబుతుంది, అంతే. రాసింది నేను."

"అబద్ధం."

"నా మాటలు నావి కాదంటావా?"

రుష్ది సొరుగు లాగి, తెల్లకాగితాలు తీసి ముందు పడేశాడు. పెన్ను కూడా. "అయితే రాయి. ఇక్కడే, నా ఎదురుగా. నీ చేత్తో లేకపోతే పైవాళ్లు నమ్మరు."

వజీహ్ పెన్ను తీసుకున్నాడు. చెయ్యి దానంతటదే పరిగెత్తింది. రుష్ది వెనక నిలబడి భుజం మీంచి చదివాడు. "'ఓ కుడ్యమా, నా నాయకుని చిత్రమును ధరింపజాలవా...' ఇదేమిటి? వాడు రాసి పంపినది ఇలా లేదు. దీనికీ దానికీ పోలికే లేదు."

వజీహ్ ఆ వాక్యం కొట్టేశాడు. కళ్లు మూసుకున్నాడు. నీళ్ల డబ్బా, పచ్చబొట్టు, ఎత్తిన చెయ్యి. ఎలా అంది? మేకు కొడితే గోడ రాలుతుంది. తగిలిస్తే పడతాడు. 'పడతాడు' అంది, 'పడుతుంది' అనలేదు. బొమ్మని మనిషిని చేసేసింది ఆ ఒక్క ముక్కలో. తనైతే వంద పేజీలు తిరిగినా అక్కడికి చేరేవాడు కాడు. ఒక్కొక్క మాటే గుర్తుచేసుకుంటూ, పల్లెటూరి యాసతో సహా, ఏదీ దిద్దకుండా రాసుకుపోయాడు. బడిపిల్లలు పెద్దవాళ్లు చెప్పింది రాసినట్టు, వంగి, మెల్లగా.

"పేరు పెట్టవా ముసలమ్మకి?" అన్నాడు రుష్ది. గొంతులో ఇప్పుడు ఆ ఉద్యోగపు బిరుసు లేదు.

"వద్దు. ఉత్త ముసలమ్మే."

రుష్ది కాగితం తీసుకుని చదివాడు. పెదవులు కదుపుతూ చదివాడు. ఒకచోట నవ్వుకి అతని పొట్ట అదిరింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మూసిన తలుపు వైపు చూశాడు.

"నాటకం పోయింది" అన్నాడు కాగితం మడుస్తూ. "హాలు తీసేసుకుంటారు. రేడియోలో, పత్రికలో నీ పేరు ఇక కనపడదు. ఎన్నాళ్లో నేను చెప్పలేను. నిన్ను పిలుస్తారు కూడా, నాకంటే పెద్దవాళ్లు. ఆలోచించుకున్నావా?"

"లేదు" అన్నాడు వజీహ్. నిజమే చెప్పాడు.

*

వీధిలో ఖౌలా అతిమధురం షర్బత్ అమ్మేవాడి పక్కన నీడలో నిలబడి ఉంది. జరిగిందంతా విని ఆమె మొహం ఎర్రబడింది.

"నన్ను అడక్కుండా నా నెత్తిన పెట్టి వచ్చావా?"

"అవును."

"నా పిల్లలకి ఏం చెప్పుకోను? రేపెవడైనా నన్ను పిలిచి అడిగితే?"

"నేను రాసిచ్చానని చెప్పు. అడక్కుండా చేశాను ఖౌలా. అప్పటికి ఇంకోటి తోచలేదు."

ఆమె షర్బత్ గ్లాసు వేళ్లమధ్య తిప్పుతూ నిలబడింది. "ఇన్నేళ్లకి నా నోట్లో తిరిగే మాట ఒకటి దొరికింది" అంది చివరికి. "ఎలా రాశావో చెప్పు. రేపు అడిగితే తేడా రాకూడదు."

అతను చెప్పాడు, గొంతు తగ్గించి. తగిలిస్తే పడతాడు, మళ్లీ తగిలిస్తాను, మళ్లీ పడతాడు. నా తప్పా? అని ఆగాడు, వేదిక మీద ఆగినట్టు.

"అలా కాదు. అక్కడ ఆగలేదు ఆవిడ." ఖౌలా అటూఇటూ చూసి, గడ్డం కొంచెం ముందుకు పెట్టి, అప్పుడే ఇల్లు ఊడుస్తూ విసుక్కున్నట్టు, ఒక్క ఊపులో అనేసింది.

షర్బత్ వాడి చేతిలో ఇత్తడి గ్లాసులు గలగలమన్నాయి. వాడు ఇటు తిరిగి చూడనైనా లేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నవ్వాపుకోవడానికి నడుముకున్న తువ్వాలు మూతికి అదుముకుని, కళ్లు తుడుచుకుని, గ్లాసు కడుగుతున్నవాడిలా తల వంచి మెల్లగా అడిగాడు.

"ఎవరు రాశారమ్మా అది?"

ఖౌలా వజీహ్ వైపు చూసింది.

"నేను కాదు" అన్నాడు వజీహ్.